బ్రిజిడ్ పండుగ సోమవారం కాదు

ఐర్లండ్‌లో సెయింట్ పాట్రిక్ పండుగ మార్చి 17న. ఏ వారమొచ్చినా సరే, మార్చి 17నే. బుధవారం వస్తే వారం మధ్యలోనే బ్యాంకులు, బడులు, ఆఫీసులు మూతపడతాయి. శనివారమో ఆదివారమో పడితే ఉద్యోగులకి దాని బదులు ఇంకేదో సర్దుబాటు చేస్తారు గానీ, డబ్లిన్‌లో ఊరేగింపు మాత్రం ఆ తేదీనే నడుస్తుంది. అదే దేశం పాట్రిక్‌తో సమానంగా కొలిచే సెయింట్ బ్రిజిడ్ పేరు మీద 2023లో మొదటిసారి ప్రభుత్వ సెలవు వచ్చింది. ఆవిడ పండుగ ఫిబ్రవరి 1న. సెలవు మాత్రం ఫిబ్రవరి మొదటి సోమవారం. ఫిబ్రవరి 1 శుక్రవారం నాడు వస్తే ఆ శుక్రవారమే ఇస్తారని ఒకే ఒక్క మినహాయింపు ఉంది.

క్యాలెండర్ తీసి చూడండి. 2023లో ఫిబ్రవరి 1 బుధవారం, సెలవు 6న. 2024లో గురువారం, సెలవు 5న. 2025లో శనివారం, సెలవు 3న. 2026లో ఆదివారం, సెలవు 2న. సెలవు పుట్టిన మొదటి నాలుగేళ్లలో పండుగా సెలవూ ఒక్కసారి కూడా కలవలేదు. 2027లో ఫిబ్రవరి 1 సోమవారమే కాబట్టి కలుస్తాయి.

మూడు రోజుల వీకెండ్ ఎవరికి చేదు, దీని మీద ఇంత చర్చ దేనికి అని నా స్నేహితులే అడిగారు. నాకు ఇది పెద్ద విషయం. ఈ పండుగ ప్రాణమంతా ముందు రోజు సాయంత్రంలో ఉంది. జనవరి 31 చీకటి పడే వేళ, ఇంటి గుమ్మం దగ్గర ఉంది. ఆ సాయంత్రాన్ని పక్కనబెట్టి ఎప్పుడో తర్వాత వచ్చే సోమవారాన్ని చేతిలో పెడితే, మిగిలేది బ్రిజిడ్ పేరున్న ఒక ఖాళీ రోజు. ఈ దేశపు ప్రభుత్వ సెలవుల్లో ఒక స్త్రీ పేరు మీద ఉన్నది ఇదొక్కటే. మగ సాధువుకి తేదీ ఇచ్చి, ఆడ సాధువుకి వారం ఇవ్వడం నాకు మింగుడుపడడం లేదు.

నేనుండేది కిల్డేర్ కౌంటీలో. బ్రిజిడ్ మఠం కట్టిందని చెప్పే కిల్డేర్ ఊరు మాకు దగ్గరే. మధ్యలో కరా మైదానం. గుర్రప్పందేలకి పేరున్న ఆ పచ్చిక మీద ఒక కథ ఉంది. మఠానికి కాస్త భూమి ఇమ్మని బ్రిజిడ్ లెన్‌స్టర్ రాజుని అడిగిందట. రాజు ఒప్పుకోలేదు. నా పై వస్త్రం ఎంత మేర పరుచుకుంటే అంత ఇవ్వండి చాలు అందట. సరేనన్నాడు. వస్త్రం పరిస్తే అది సాగుతూ సాగుతూ మైదానమంతా కమ్మేసింది. ఇక్కడి పిల్లలకి ఇది బళ్లోకి వెళ్లకముందే తెలుసు. గొర్రెలు మేస్తున్న ఆ మైదానం పక్కనుంచి కారులో వెళ్తుంటే వెనక సీట్లోంచి ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు.

మా పక్కింటి పెద్దావిడ డోనెగల్‌లో పుట్టి, పెళ్లయ్యాక ఇటు వచ్చింది. జనవరి 31 రాత్రి వాళ్లింట్లో ఏం జరిగేదో ఆవిడ నోట వినడం వల్లే ఈ పండుగ మీద నాకు ఇంత పట్టింపు ఏర్పడింది. ఉత్తర ఐర్లండ్ వైపు, డోనెగల్ వైపు చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. పగలు ఇంటి మగాళ్లలో ఒకరు తడి పొలాల్లోకి వెళ్లి రష్ అనే గడ్డి పీక్కొస్తారు. మన చెరువు గట్ల మీది తుంగని గుర్తుకు తెచ్చే గడ్డి అది. ఆకులుండవు, గుండ్రటి ఆకుపచ్చ కాడ, లోపల తెల్లటి బెండు. కొడవలి పెట్టకూడదు, చేత్తోనే పీకాలి. ఆ కట్టని లోపలికి తేకుండా బయట గోడ వారన ఉంచుతారు. చీకటి పడ్డాక ఇంట్లో ఒకరు బయటికి వెళ్తారు. కొన్నిచోట్ల ఆ ఇంటి యజమాని, కొన్నిచోట్ల బ్రిజిడ్ అని పేరున్న ఆడపిల్ల. తలుపు మూసి ఉంటుంది. గడ్డి కట్ట ఎత్తుకుని తలుపు ముందు నిలబడి గట్టిగా అంటారు: “మోకాళ్ల మీద కూర్చోండి, కళ్లు తెరవండి, బ్రిజిడ్‌ని లోపలికి రానివ్వండి!” లోపల పిల్లాజెల్లా అంతా మోకాళ్ల మీద ఉంటారు. “రానివ్వండి, వస్తే మా భాగ్యం” అని అందరూ ఒక్క గొంతుతో జవాబు చెబుతారు. ఇలా మూడుసార్లు. మూడోసారి తలుపు తీస్తారు. గడ్డి కట్ట లోపలికి వచ్చి తినే బల్ల కింద చేరుతుంది.

ఆ తర్వాత భోజనం. ఆలుగడ్డలు ఉడకబెట్టి, పాలుపోసి మెత్తగా మెదిపి, మధ్యలో గుంట చేసి వెన్నముద్ద వేస్తారు. ముద్దపప్పు మధ్యలో గుంట చేసి నెయ్యి పోసుకున్నట్టే. చలికాలమంతా వెన్న పొదుపు చేసిన ఇళ్లలో కూడా ఆ రాత్రి మాత్రం వెన్నకి లోటు ఉండకూడదు. ఇంత రొట్టె, వెన్న కిటికీ గట్టు మీద పెట్టి ఉంచే ఇళ్లూ ఉండేవి. బ్రిజిడ్ తన తెల్లావుని తోలుకుని ఆ దారిన వస్తుందని, ఆవు కోసం ఒక గడ్డిపరక కూడా పక్కన పెట్టేవాళ్లు.

తిన్నాక బల్ల కింది గడ్డి బయటికి తీసి శిలువలు అల్లుతారు. ఇది నేను ఆ పెద్దావిడ వంటగదిలో కూర్చుని నేర్చుకున్నాను. ఒక కాడ నిలువుగా పట్టుకోవాలి. రెండో కాడని సరిగ్గా సగానికి మడిచి, నిలువు కాడ నడుముకి తగిలించాలి, రెండు కొనలూ కుడివైపుకి. ఎడమచేతి బొటనవేలితో ఆ మడతని గట్టిగా నొక్కి పట్టి, మొత్తాన్ని పావు వంతు ఎడమకి తిప్పాలి. ఇప్పుడు ఇందాక కుడికి ఉన్న కొనలు పైకి వస్తాయి. మూడో కాడని మడిచి, పైకి లేచిన ఆ కొనలన్నిటినీ చుట్టి మళ్లీ కుడివైపుకి. నొక్కు, తిప్పు, మడుపు. అంతే పని, కానీ వేలు కాస్త సడలిందంటే మధ్య అల్లిక అంతా విడిపోతుంది. గడ్డి మరీ పచ్చిగా ఉంటే మడతలో పిగిలిపోతుంది, మరీ ఎండితే పుటుక్కున విరుగుతుంది. ఎనిమిదో పదో కాడలయ్యాక మధ్యలో నలుచదరపు అల్లిక కనిపించడం మొదలవుతుంది. నాలుగు రెక్కల చివర్లు దారంతో కట్టి, కొసలు సమంగా కత్తిరిస్తే శిలువ తయారు. చేతులకి పచ్చిగడ్డి వాసన పట్టుకుంటుంది. పెద్దావిడ అల్లినంతసేపూ నా చేతులే చూస్తూ, “లాగి పట్టు, ఇంకా లాగు” అంటూనే ఉంది.

దాన్ని గుమ్మం లోపలి వైపున పైన పెడతారు. ఏడాది పొడుగునా ఇంటికి అగ్ని, పిడుగు, జబ్బు రాకుండా చూస్తుందని నమ్మకం. పాతకాలంలో గడ్డికప్పు ఇళ్లలో కిందటేడు శిలువని తీసేయకుండా పక్కనే కొత్తది గుచ్చేవాళ్లు. కప్పు లోపల పొగచూరిన శిలువలు వరసగా పేరుకుపోయేవి. పశువుల కొట్టంలో వేరే, కొన్నిచోట్ల మూడు రెక్కలది. మేయో కౌంటీలో కాసిల్‌బార్ దగ్గర ఉన్న జాతీయ గ్రామీణ జీవిత మ్యూజియంలో రకరకాల అల్లికలు చూడొచ్చు. అసలు శిలువ ఆకారమే కానివి, డైమండ్ ఆకారంలో ఉన్నవి కూడా ఉన్నాయి.

మనవాళ్లు ఆ నాలుగు రెక్కల బొమ్మ చూడగానే స్వస్తిక్ అంటారు, వెంటనే ఒక ఫార్వర్డ్ పుడుతుంది. నేను ఒప్పుకోను. కాడల్ని మధ్యలో మడిచి ఒకే వైపుకి తిప్పుకుంటూ పోతే ఎవరి చేతిలోనైనా ఆ ఆకారమే వస్తుంది. దానికి సింధునాగరికత దాకా వెళ్లక్కర్లేదు.

ఆ రాత్రి ఇంకో పని కూడా ఉంది. ఒక గుడ్డముక్కో, రిబ్బనో, శాలువో బయట కిటికీ గట్టు మీదో పొద మీదో వేసి ఉంచడం. దాన్ని బ్రాట్ బ్రీజా అంటారు, అంటే బ్రిజిడ్ వస్త్రం. రాత్రి ఆవిడ ఆ దారిన వెళ్తూ దాన్ని తాకుతుందని నమ్మకం. తెల్లారి మంచుకి తడిసిన ఆ గుడ్డని లోపలికి తెచ్చి దాచుకుంటారు. తలనొప్పికి తలకి కట్టుకునేవాళ్లు. మంత్రసానులు పురుటి గదికి వెంట తీసుకెళ్లేవాళ్లు. ఆవు ఈనడానికి ఇబ్బంది పడుతుంటే దాని వీపు మీద కప్పేవాళ్లు. డాక్టరు దూరం, రోడ్డు లేదు, రాత్రివేళ నొప్పులు. అలాంటి ఇంట్లో ఆ గుడ్డ ఎంత ధైర్యమో ఊహించుకుంటే నాకు ఆ ఆచారం మీద ఎంతో గౌరవం కలుగుతుంది. ఇప్పటికీ గుడ్డ వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ ఆచారాల్లో బాగా బతికి ఉన్నది బహుశా ఇదే, ఎందుకంటే ఇది ఒక్క మనిషి నిశ్శబ్దంగా చేసుకోగలిగేది.

పశ్చిమాన గాల్వే వైపు గడ్డితో పెద్ద తాడు పేని, వలయంగా కట్టి, ఇంటింటికీ తిప్పేవాళ్లు. దాన్ని క్రిస్ బ్రీజా అంటారు, బ్రిజిడ్ నడికట్టు. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే మూడుసార్లు దానిలోంచి దూరి బయటికి రావాలి, ఆ ఏడాది ఆరోగ్యం కోసం. కెర్రీలో బిడ్డీ బాయ్స్ ఉన్నారు. ముఖాలు దాచే ఎత్తయిన గడ్డి టోపీలు పెట్టుకుని, వెన్న చిలికే కవ్వానికి ఆడ బట్టలు తొడిగి బొమ్మ చేసి, వాయిద్యాలతో ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ బొమ్మని బ్రీజోగ్ అంటారు. ఒకప్పుడు గుడ్లు, చిల్లర, రొట్టె అడిగేవాళ్లు. కిల్లోర్గ్లిన్ ప్రాంతంలో ఇది ఇప్పుడు ఒక ఉత్సవంగా మళ్లీ ఊపందుకుంది. ఇంకొన్ని ఊళ్లలో ఆ రోజు చక్రం తిరగకూడదు. రాట్నం, బండి, మర, ఏదీ.

ఈ వివరాలన్నీ ఎలా తెలిశాయంటే, అది కూడా చెప్పుకోవలసిన కథే. 1935లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ఏర్పడింది. 1937 నుంచి 1939 దాకా వాళ్లు బడిపిల్లల చేత ఇళ్లలో ఉన్న ముసలివాళ్లని అడిగించి కథలు, ఆచారాలు నోటుపుస్తకాల్లో రాయించారు. సుమారు ఐదు వేల బడులు, యాభై వేలమందికి పైగా పిల్లలు. 1942లో ప్రత్యేకంగా బ్రిజిడ్ పండుగ మీదే ఒక ప్రశ్నావళి ఊరూరా పంపించారు. మీ ఊళ్లో శిలువ దేనితో అల్లుతారు, ఎవరు అల్లుతారు, ఎప్పుడు, దాన్ని ఎక్కడ పెడతారు, గుడ్డ వేస్తారా, ఇలా. పిల్లల నోటుపుస్తకాలు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. గుండ్రటి చేతిరాత, అక్కడక్కడ టీచరు దిద్దిన గుర్తులు. మా అవ్వ చెప్పింది, మా తాత చేసేవాడు అనే తరహా మాటలు. పండుగ మూలం ఏమిటి అనే ప్రశ్నకి నేనైతే ముందు ఈ పేజీలకే వెళ్తాను.

కానీ జనవరి చివరికొచ్చేసరికి ఇక్కడ పేపర్లలో, రేడియోలో వేరే వాదన నడుస్తుంది. బ్రిజిడ్ దేవతా, సాధువా? ఒక వర్గం, ఈమె క్రైస్తవం రాకముందు నుంచి ఉన్న అగ్నిదేవత, చర్చి వాళ్లు శిలువ తగిలించి సొంతం చేసుకున్నారంటుంది. ఇంకో వర్గం, ఈమె ఐదో శతాబ్దంలో పుట్టిన సన్యాసిని, ఈ దేవత గోలంతా కొత్తవాళ్ల కల్పన అంటుంది. రెండు వర్గాలూ ఆధారాలకి మించి మాట్లాడుతున్నాయనే నా అభిప్రాయం.

ఆధారాలు చూద్దాం. బ్రిజిడ్ సుమారు 451లో పుట్టిందని, 525 ప్రాంతంలో చనిపోయిందని సంప్రదాయం. డండాక్ దగ్గర ఫోహర్ట్‌లో పుట్టిందంటారు. తండ్రి ఒక నాయకుడు, తల్లి అతని ఇంట్లో బానిస. ఆమె కాలంలో రాసిన కాగితం ఒక్కటి కూడా లేదు. మొదటి చరిత్ర సుమారు 650లో కిల్డేర్ మఠానికే చెందిన కోగిటోసస్ అనే సన్యాసి లాటిన్‌లో రాసింది. అది చదివితే చరిత్ర తక్కువ, మహిమలు ఎక్కువ. తడిసిన వస్త్రాన్ని ఎండ కిరణం మీద ఆరేసిందని కూడా ఉంది.

మరి దేవత? బ్రిగిట్ అనే దేవతని కవులు కొలిచేవాళ్లని, దగ్దా అనే దేవుడి కూతురని, అదే పేరుతో వైద్యానికి ఒకరు, కమ్మరిపనికి ఒకరు ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారని చెప్పేది సుమారు 900 ప్రాంతంలో తయారైన ఒక పదకోశం. కాషెల్ రాజూ బిషప్పూ అయిన కోర్మాక్ పేరు మీద ఉన్న గ్రంథం అది. అంటే సాధువు చరిత్ర కంటే దేవత ప్రస్తావనే రెండున్నర శతాబ్దాలు ఆలస్యంగా కనబడుతోంది. ఫిబ్రవరి 1న వచ్చే ఇంబోల్క్ అనే వసంతారంభపు పండుగ చాలా పాతది, అందులో అనుమానం లేదు. నవంబరు, ఫిబ్రవరి, మే, ఆగస్టు నెలల మొదటి రోజులు ఐరిష్ ఏడాదికి నాలుగు మూలస్తంభాలు. అయితే ఇంబోల్క్ నాడు పూర్వం ఏ పూజ చేశారో, ఏ దేవతకి చేశారో పాత గ్రంథాలు చెప్పవు. వసంతం మొదట్లో గొర్రెలకి పాలు వచ్చే వేళ అని మాత్రం చెబుతాయి.

ఇక ఆరని అగ్ని. కిల్డేర్‌లో బ్రిజిడ్ మంట ఒకటి ఎన్నడూ ఆరకుండా వెలుగుతూ ఉంటుందని, 19 మంది సన్యాసినులు రాత్రికొకరు చొప్పున కాస్తారని, ఇరవయ్యో రాత్రి బ్రిజిడే చూసుకుంటుందని వదిలేస్తారని, చుట్టూ ఉన్న కంచె దాటి మగాడు రాకూడదని రాసింది వేల్స్ నుంచి వచ్చిన జెరాల్డ్. ఆయన 1185లో ఐర్లండ్ వచ్చాడు. ఐదు శతాబ్దాల ముందు అదే మఠంలో కూర్చుని చర్చి గోడలు, సమాధుల నగిషీలు, వేలాడే కిరీటాలు అన్నీ వర్ణించిన కోగిటోసస్ ఈ మంట గురించి ఒక్క మాట అనలేదు. ఉంటే వదిలేసేవాడా? నాకు నమ్మబుద్ధి కాదు. అయినా ఆ మంటని 1993లో బ్రిజిడీన్ సన్యాసినులు కిల్డేర్‌లో మళ్లీ వెలిగించారు. 2006 నుంచి ఊరి కూడలిలో ఒక స్తంభం మీద వెలుగుతోంది. దాని వయసు ఎంత అన్నదానితో నిమిత్తం లేకుండా దాని ముందు నిలబడటం నాకు ఇష్టం. జనవరి 31 సాయంత్రం కొవ్వొత్తులు పట్టుకుని బ్రిజిడ్ బావి దగ్గరికి నడిచే గుంపుని చూస్తే, అందులో జపమాల పట్టుకున్నవాళ్లూ ఉంటారు, చర్చి గడప తొక్కి ముప్ఫై ఏళ్లయినవాళ్లూ ఉంటారు. వాళ్లు పక్కపక్కనే నడుస్తారు.

కోగిటోసస్ పుస్తకంలో నన్ను పట్టుకున్నది వేరే విషయం. అమ్మ వెన్న చిలకమంటే, చిలికిన వెన్నంతా బీదవాళ్లకి పంచేసి, అమ్మ అడిగేసరికి ప్రార్థన చేస్తే అంత వెన్నా తిరిగి వచ్చిందని ఉంది. అతిథులు వస్తే ఒకే ఆవు ఒకే రోజు మూడుసార్లు పాలిచ్చిందని ఉంది. వండుతున్న మాంసం ఆకలిగొన్న కుక్కకి పెడితే కుండలో తగ్గలేదని ఉంది. ఏడో శతాబ్దపు సన్యాసి లాటిన్‌లో రాసినా, 1938లో బడిపిల్ల నోటుపుస్తకంలో రాసినా బ్రిజిడ్ ఒకే చోట కనబడుతుంది. వంటింట్లో, పాలకుండ దగ్గర, ఆకలిగా వచ్చినవాళ్ల ఎదురుగా. దేవతా సాధువా అని వాదించుకునేవాళ్లు ఈ సంగతికి అంత ప్రాధాన్యం ఎందుకివ్వరో నాకు అర్థం కాదు. చలికాలం చివర్లో ఆవులు ఒట్టిపోయి, నిల్వలు అడుగంటి, కొత్త పాలు ఇంకా పూర్తిగా రాని రోజులవి. ఆ సమయంలో ఉన్న వెన్నంతా తీసి బల్ల మీద పెట్టడం, ఇంటి తలుపు తీసి రమ్మనడం చాలా పెద్ద పని. అది పగలు ఆఫీసు సెలవు పెట్టి చేసేది కాదు. రోజంతా పని ముగిశాక, చీకట్లో, కుటుంబమంతా ఇంట్లో ఉన్నప్పుడు చేసేది.

సెలవు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. హర్‌స్టోరీ అనే సంస్థ 2019 నుంచి బ్రిజిడ్ రోజుని జాతీయ సెలవు చేయమని ఉద్యమం నడిపింది. 2022 జనవరిలో ప్రభుత్వం, కోవిడ్‌లో పోయినవాళ్ల జ్ఞాపకార్థం, కష్టపడినవాళ్ల గౌరవార్థం ఆ ఏడాది మార్చి 18న ఒకసారికి సెలవిస్తున్నామని, 2023 నుంచి బ్రిజిడ్ పేరు మీద శాశ్వతంగా ఒక రోజు ఇస్తామని ప్రకటించింది. దానితో ఏడాదికి పది సెలవులయ్యాయి. ఆ ఉద్యమం చేసినవాళ్లకి నేను మనసారా కృతజ్ఞత చెబుతాను. 2024లో ఆమె చనిపోయి 1500 ఏళ్లయిందని కిల్డేర్‌లో పెద్దఎత్తున జరిపారు. పోర్చుగల్‌లోని లుమియార్‌లో దాచి ఉన్న ఆమె కపాలంలోదని నమ్మే చిన్న ఎముక ముక్కని ఊరి చర్చికి తెచ్చారు. లైట్ షోలు, కచేరీలు, ప్రసంగాలు ఏటా పెరుగుతున్నాయి. ఇవన్నీ బాగున్నాయి. వీటిలో చాలావరకు నగరంలో, వేదిక మీద, వీకెండ్‌లో జరిగేవి.

సోమవారాన్ని సమర్థించేవాళ్లు చెప్పే కారణం ఒకటుంది. మే, ఆగస్టు, అక్టోబరు సెలవులు కూడా సోమవారాలేగా, పాత నాలుగు మూలదినాలకీ ఇప్పుడు దగ్గర్లో ఒక్కో సోమవారం వచ్చింది, లెక్క సరిపోయింది అంటారు. ఆ లెక్కనే నేను భయపడతాను. ఆగస్టు మొదటి సోమవారం సముద్రపు ఒడ్డుకి వెళ్తున్న కుటుంబాన్ని ఆపి, ఇది లూనసా పండుగ అని తెలుసా అని అడగండి. కొండలెక్కి కొత్త పంటని పండుగ చేసుకున్న ఆ రోజు పేరు చాలామందికి బడిపాఠంలో మాత్రమే గుర్తు. జులై ఆఖరి ఆదివారం క్రో పాట్రిక్ కొండ ఎక్కే వేలమంది ఉన్నారు, ఆ ఆనవాయితీ నిలిచింది, కానీ దానికీ ఆగస్టు సోమవారానికీ సంబంధం లేదు.

అక్టోబరు వేరే కథ. సెలవు అక్టోబరు ఆఖరి సోమవారం. హాలోవీన్ మాత్రం 31 రాత్రే. అది మంగళవారమైనా గురువారమైనా ఏ పిల్లా ఆ తేదీ మార్చుకోదు. ఎండుద్రాక్షల రొట్టెలో ఉంగరం ఎవరికొస్తుందని చూసేది ఆ రాత్రే, తలుపులు తట్టేది ఆ రాత్రే. అలాగైతే బ్రిజిడ్ సాయంత్రం కూడా సెలవుతో పనిలేకుండా బతకొచ్చు కదా అని ఇక్కడ నన్ను నిలదీయొచ్చు. బతకలేదన్నదే నా జవాబు. హాలోవీన్ ఒక్క తరం కూడా ఇళ్లని విడిచిపెట్టలేదు, పైగా బడులకి ఆ వారమంతా సెలవు. బ్రిజిడ్ సాయంత్రం మాత్రం మా పెద్దావిడ తరంతోనే చాలా ఇళ్లలో ఆగిపోయింది. ఆవిడ పిల్లలకి శిలువ అల్లడం వచ్చు, అదీ బడిలో నేర్చుకున్నది. తలుపు ముందు నిలబడి పిలిచే మాటలు రావు. ఐరిష్ టీవీ 1961 డిసెంబరు 31న మొదలైనప్పుడు ఈ శిలువనే తన గుర్తుగా పెట్టుకుంది, 1990ల దాకా ప్రతి ఇంట్లో తెర మీద కనిపించింది. శిలువ బొమ్మకి అంత ప్రచారం దొరికినా ఆ బొమ్మ వెనకున్న రాత్రి చాలా ఇళ్లలో జారిపోయింది.

ఇప్పుడు ఎవరైనా ఆ రాత్రిని మళ్లీ ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. జనవరి 31 మంగళవారం. భార్యాభర్తలిద్దరూ ఆరింటికి ఇల్లు చేరతారు. పిల్లలకి హోంవర్కు, మర్నాడు బడి. ఒకరికి లీక్స్‌లిప్‌లో నైట్ షిఫ్ట్ ఉండొచ్చు. తడి పొలంలో గడ్డి ఎప్పుడు పీకాలి, ఎప్పుడు వండాలి, ఎప్పుడు అల్లాలి? అదే ఫిబ్రవరి 1 సెలవైతే ముందురోజు రాత్రి తీరిగ్గా కూర్చోవచ్చు. పిల్లలు పదకొండింటి దాకా అల్లుతూ కూర్చున్నా ఎవరికీ టెన్షన్ ఉండదు. తెల్లారి కలిసి వెళ్లి పొద మీది గుడ్డ తెచ్చుకోవచ్చు. నాలుగైదు రోజుల తర్వాత వచ్చే సోమవారం ఈ పనికి రాదు. బ్రిజిడ్ ఆ దారిన వెళ్లే రాత్రి ఒకటే కదా.

మరి మీ తెలుగువాళ్లు చేసేదేమిటి అని ఒక ఐరిష్ స్నేహితుడు అడిగాడు. సరైన ప్రశ్నే. డబ్లిన్‌లో మన బతుకమ్మ, సంక్రాంతి హాలు దొరికిన శనివారం నాడు జరుగుతాయి. తిథి ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అయినా వెళ్తాం, ఆడతాం, సంతోషంగానే వస్తాం. కానీ అది పరాయి దేశంలో ఉండటం వల్ల వచ్చిన సర్దుబాటు. మన పండుగకి సెలవు ఇవ్వాల్సిన బాధ్యత ఐర్లండ్‌కి లేదు, మనం అడగం కూడా. ఇంట్లో దేవుడి దగ్గర దీపం మాత్రం తిథి నాడే పెడతాం, ఆఫీసుకి లేటయినా సరే. సొంతగడ్డ మీద, సొంత పార్లమెంటు చేతిలో ఉండగా, తన పండుగని తానే వలసకూలీలా వీకెండ్‌కి సర్దుకోవాల్సిన అవసరం ఐర్లండ్‌కి ఏముంది?

వ్యాపారాలకి ఇబ్బంది, వారం మధ్యలో ఒక రోజు ఆగితే పని దెబ్బతింటుంది అనే వాదన కూడా విన్నాను. మార్చి 17 విషయంలో ఆ మాట ఎవరూ అనరు. డిసెంబరు 26న సెయింట్ స్టీఫెన్ రోజుకీ అనరు. అవి ఏ వారమొస్తే ఆ వారమే, దేశం దానికి తగ్గట్టు పని సర్దుకుంటుంది. ఇంకో మాట. ఫిబ్రవరి 1 శుక్రవారమైతే ఆ రోజే సెలవని చట్టంలోనే ఉందని మొదట్లో చెప్పాను కదా. 2030లో అలా జరుగుతుంది. అంటే అసలు తేదీకి విలువ ఉందని చట్టం రాసినవాళ్లకీ తెలుసు, వీకెండ్‌కి అతుక్కున్నప్పుడు దాన్ని ఒప్పుకున్నారు. ఆ శుక్రవారానికి ఇచ్చిన గౌరవాన్ని మంగళ, బుధ, గురువారాలకి కూడా ఇమ్మని, శని ఆదివారాలు వస్తే పాట్రిక్ పండుగకి చేసే సర్దుబాటే చేయమని నేను మా ఏరియా టీడీకి, అంటే పార్లమెంటు సభ్యుడికి, ఉత్తరం రాశాను. ఇక్కడ ఓటు హక్కు ఉన్న తెలుగువాళ్లు, మీ పిల్లలు బడిలో ఈ శిలువ అల్లి ఇంటికి తెచ్చినవాళ్లు, మీరూ రాయండి.